నలభై మూడో పేజీ

నూట పద్దెనిమిది పేజీల పుస్తకాన్ని ఒకే ఒక్క కాగితానికి కుదించాలని మేనేజరు చెప్పగానే, పెద్దాయన లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి విరుచుకుపడింది. ఆయన దాన్ని ఎత్తనూ లేదు, దాని వంక చూడనూ లేదు.

"కాగితానికి ఒకవైపేనా, రెండువైపులా రాయొచ్చాండీ?" అని అడిగాడు. గొంతులో వినయం కాస్త ఎక్కువగా ఉంది. ఆ వినయం వినపడిందంటే ఆసుపత్రిలో పాతవాళ్ళు రెండడుగులు వెనక్కి వేస్తారు.

మేనేజరు కొత్తవాడు. "ఒకవైపు చాలండీ," అన్నాడు. "రాతపని చూసే అమ్మాయికి అప్పజెప్పాను. మీ అన్నగారి అమ్మాయే కదా."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో పెద్దాయనకి ఆ క్షణంలో తెలిసింది. తను రాసిన పుస్తకం మీద పరాయివాడు చెయ్యి వేస్తే అదొక లెక్క. సొంత అన్న కూతురు, తను పలక మీద అక్షరాలు దిద్దించిన పిల్ల, కత్తెర పట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రి నేలమాళిగలో, మందుల స్టోరు పక్కన, ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకుని వెళ్ళాల్సిన గది ఒకటుంది. అందులో రెండు వరసల్లో పన్నెండు సర్వర్లు. ఒక్కోదానిలో పన్నెండు డిస్కులు. విరిగిన ఎముకల దగ్గర్నుంచి కడుపులోని బిడ్డల దాకా, ఇరవై రెండేళ్ళుగా అక్కడ తీసిన ప్రతి స్కాను బొమ్మా ఆ డిస్కుల్లోనే ఉంది. ప్రతి బొమ్మనీ రెండు చోట్ల దాస్తారు. ఒక డిస్కు చస్తే రెండోది ఆదుకుంటుంది. డిస్కులు చావడం మామూలే. చావబోయేదాన్ని ముందే కనిపెట్టాలి, అందులోని బొమ్మల్ని మిగతావాటికి తరలించాలి, పూర్తిగా ఖాళీ అయ్యాక దానిలో ఏమీ మిగలకుండా తుడిచెయ్యాలి, బయటికి లాగి కొత్తది పెట్టాలి. దీనికి బొత్తాలూ బొమ్మలూ ఉన్న తెర ఏదీ లేదు. నల్లటి స్క్రీను మీద ఒక్కో కమాండూ పొల్లుపోకుండా టైపు చేయాలి. ఆ యంత్రం చెప్పింది చేస్తుంది తప్ప, నిజంగానే చెయ్యమంటావా అని ఎదురు అడగదు.

దానితో ఇరవై రెండేళ్ళుగా మాట్లాడుతున్నది పెద్దాయన ఒక్కడే. రేకుల కప్పు కింద పల్లెబడిలో ఏడో తరగతి, ఆ పైన మూడు మైళ్ళు నడిచి పదో తరగతి. అంతటితో చదువు సరి. ఎక్స్‌రే ఫిల్ములు మోసే పనికి ఈ ఆసుపత్రిలో చేరాడు. ఫిల్ములు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు, డిగ్రీలున్న ఇద్దరు కంపెనీ ఇచ్చిన ఆరువందల పేజీల గ్రంథాన్ని చూసి సెలవు పెడితే, ఈయన నిఘంటువు పక్కన పెట్టుకుని మూడేళ్ళు దాన్ని నమిలాడు. నమిలి తెలుగులో ఒక పుస్తకం రాశాడు. 'డిస్కుల నిర్వహణ: సమగ్ర విధానము.' నీలిరంగు అట్ట, తీగ బైండింగు, అట్ట మీద ఇంటిపేరుతో సహా తన పేరు. ఇరవై రెండేళ్ళలో ఒక్క బొమ్మ పోలేదు. వరదలో నలభై ఒక్క డిస్కుల్ని తువ్వాళ్ళలో చుట్టి రెండో అంతస్తుకి మోశాడు. పెద్ద డాక్టరు అందరి ముందూ చెయ్యి కలిపాడు. ఈ సంగతులన్నీ ఆసుపత్రిలో ఎవరిని అడిగినా చెబుతారు. అడక్కపోయినా ఆయనే చెబుతాడు.

ఇంకో మూడు వారాల్లో పదవీ విరమణ. ఆ తర్వాత ఈ గదిలో తనదంటూ మిగిలేది ఆ పుస్తకం ఒక్కటే.

ఆ మధ్యాహ్నమే అన్న కూతురు చలిగదికి వచ్చింది. రెండు స్వెట్టర్లు, చేతిలో నోటుబుక్కు.

"కోపమా బాబాయ్?"

"నాకెందుకమ్మా కోపం. నీ చేత అ, ఆలు దిద్దించింది నేను. ఆ చేత్తోనే నా పుస్తకం గొంతు కోస్తున్నావు. చేసిన మేలు ఊరికే పోలేదని సంతోషంగా ఉంది."

"గొంతు కాదు, కొవ్వు కోస్తున్నాను."

"నాలుగు సార్లు అచ్చయిందది."

"అచ్చు వేసిందెవరు బాబాయ్, మన జెరాక్సు మిషనే కదా." ఆ మాట అని నాలుక కరుచుకుంది గానీ, వెనక్కి తీసుకోలేదు. "మీరు వెళ్ళాక ఈ పని ఎలక్ట్రీషియన్ గారికి ఇస్తున్నారు. ఆయన పదిహేనేళ్ళుగా ఇక్కడ ఫ్యాన్లూ ఫ్యూజులూ చూస్తున్నారు. పని వచ్చిన మనిషే. కానీ డిస్కు పోయిన పూట నూట పద్దెనిమిది పేజీలు ఎక్కడ తిరగేస్తారు?"

"ఎలక్ట్రీషియన్ చదవలేడంటావా? నేను పల్లెబడిలో చదివినవాణ్ణి. కరెంటు దీపం కూడా లేని చోట చదివాను."

"చదవలేరని కాదు. మొన్న ఎనిమిదో సర్వర్లో డిస్కు మార్చారు కదా, నేను వెనకే నిలబడి చూశాను. మీరు మాత్రం పుస్తకం తెరిచారా? సర్వర్ల ర్యాకు తలుపు తీసి, దాని లోపలివైపు చూస్తూ చేసుకుపోయారు."

పెద్దాయన గబుక్కున వెళ్ళి ర్యాకు తలుపు మూశాడు. ఆ తలుపు లోపలి ఇనపరేకు మీద, మార్కరు పెన్నుతో, ఎన్నేళ్ళ కిందటో రాసుకున్న తొమ్మిది పంక్తులున్నాయి. వంకర అక్షరాలు, సగం మాటలకి తోకలే లేవు.

"అవి నా సొంత గుర్తులు. స్నానాలగదిలో తువ్వాలు లాంటివి. పదిమందిలో పరిచేవి కావు."

"నాకైతే అవే బాగున్నాయి."

ఆ మాట ఆయనకి ఇంకా గుచ్చుకుంది. మూడేళ్ళ తపస్సు పక్కన పెట్టి, తుడుపుగుడ్డని మెచ్చుకుంటోంది. ఆయన తిన్నగా మేనేజరు గదికి వెళ్ళాడు. అమ్మాయి వెనకాలే పరిగెత్తింది.

"ఒక్క మాటండీ," అన్నాడు పెద్దాయన, వినయం గాలికి వదిలేసి. "ఇంకో డిస్కు పోయిన రోజున ఎలక్ట్రీషియన్ చేతికి నా పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టండి. నేను పక్కనే నిలబడతాను, పెదవి కదపను. పుస్తకమే చెబుతుంది, అతను చేస్తాడు. పని సవ్యంగా అయితే పుస్తకం ఉంటుంది, ఈ పిల్ల కాగితం చెత్తబుట్టలోకి పోతుంది."

"మీరు మధ్యలో మాట్లాడితే?" అంది అమ్మాయి.

"మాట్లాడితే పుస్తకాన్ని మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి. తగలబెట్టుకోండి."

ఇంటికి వెళ్ళి భోజనాల దగ్గర ఈ మాట చెబితే, భార్యకి నవ్వి నవ్వి పొలమారింది.

"నోరు మూసుకుని నిలబడతానని పందెం కట్టారా? మీరు? మన పెళ్ళికి వచ్చినవాళ్ళకి కూడా మీరు పరీక్షల్లో తెచ్చుకున్న మార్కులు చెప్పారు."

"నీకు వెటకారంగా ఉంది. ఆ వరద రోజున..."

"పైపు పగిలింది. ఆసుపత్రి అంతా పైపు పగిలిన రోజు అంటుంది, మీరొక్కరే వరద అంటారు."

"మోకాటి లోతు నీళ్ళొస్తే ఏమంటారు మరి, తుంపర అంటారా?"

"సరే, వరదే. నీళ్ళ మోటారు ఎలా వెయ్యాలో రెండు పేజీలు రాసి గోడకి అంటించారు, జ్ఞాపకముందా? అది ఎక్కడుందో తెలుసా ఇప్పుడు?"

"ఎక్కడుంది?"

"అల్మారా అడుగున పరిచాను. స్విచ్చు మీద ఎర్రచుక్క ఒకటి, పచ్చచుక్క ఒకటి పెట్టుకున్నాను. ఆరేళ్ళయింది. ట్యాంకు ఒక్కసారి పొంగలేదు."

పెద్దాయన మజ్జిగ పోసుకోకుండానే చెయ్యి కడుక్కున్నాడు. ఇంటా బయటా తన అక్షరానికి ఇదీ మర్యాద.

డిస్కు కోసం ఎంతోకాలం ఆగక్కర్లేకపోయింది. ఆ వారంలోనే నాలుగో సర్వర్లో ఒక డిస్కు ఏ సూచనా లేకుండా ఠపీమని చచ్చింది. చచ్చినదాంట్లో ఖాళీ చెయ్యడానికేమీ ఉండదు కనక, పందెం ఊసెత్తకుండా పెద్దాయనే కొత్తది పెట్టాడు. పక్కవాటి నుంచి బొమ్మల్ని తెచ్చుకుని అది మెల్లగా నిండుతోంది. మర్నాడు పొద్దున పది గంటలకి ఏడో సర్వర్లో ఐదో డిస్కు మూలగడం మొదలుపెట్టింది. ఇంకా బతికే ఉంది, కానీ ఎక్కువకాలం ఉండదు.

అమ్మాయి అడ్డం వచ్చింది. "బాబాయ్, ఇవాళ వద్దు. నాలుగోది ఇంకా నిండలేదు. దాంట్లో పోయిన బొమ్మల్లో కొన్నిటికి రెండో కాపీ ఈ ఐదో డిస్కులోనే ఉంది. ఇప్పుడు దీన్ని పొరపాటున తుడిస్తే అవి ఇంకెక్కడా ఉండవు. పరీక్ష ఖాళీ సర్వరు మీద పెట్టుకుందాం."

"ఆటబొమ్మల మీద పరీక్షలు పిల్లలకి పెట్టు. నా పుస్తకం ఉండగా భయం దేనికి?"

మేనేజరు ఇద్దరి మొహాలూ చూసి, "పెద్దాయన పక్కనే ఉంటారు కదా," అన్నాడు. ఆ మాటతో అందరూ చలిగదిలోకి నడిచారు.

ఎలక్ట్రీషియన్ చెప్పులు బయట వదిలి, చేతులు తుడుచుకుని, స్క్రీను ముందు కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి. నెమ్మదస్థుడు. పుస్తకాన్ని రెండు చేతులా అందుకుని, "ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటారు గురువుగారూ?" అన్నాడు.

పెద్దాయన నోటి మీద వేలు పెట్టుకున్నాడు. చేతులు కట్టుకుని, గెడ్డం పైకెత్తి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

ఎలక్ట్రీషియన్ విషయసూచిక చూశాడు. మొదటి అధ్యాయం రచయిత పరిచయం. రెండోది ఫిల్ముల కాలం. మూడోది తొలి సర్వరు వచ్చిన రోజు. పదిహేను నిమిషాలు పేజీలు తిప్పాక నలభయ్యో పేజీ దగ్గర ఆగాడు. పాడైన డిస్కును గుర్తించుట. వేలు పెట్టి పైకి చదువుతూ, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు. ఏడో సర్వరు, ఐదో డిస్కు. స్క్రీను అవునంది. పెద్దాయన మేనేజరు వంక చూశాడు. చూపులోనే రెండు వాక్యాలు మాట్లాడాడు.

నలభై రెండో పేజీ. ఖాళీ చేయు కమాండు. టైపు చేశాడు. 'తరలింపు మొదలైంది' అంది స్క్రీను.

నలభై మూడో పేజీ. "పిమ్మట ఈ క్రింది తుడుచు కమాండును టైపు చేయవలెను," అని చదివాడు ఎలక్ట్రీషియన్. ఒక వేలితో ఒక్కో అక్షరం కొట్టాడు. పేజీ తిప్పాడు. నలభై నాలుగో పేజీ నెత్తిన పెద్ద అక్షరాలు: వరదనాటి సాహసము.

పెద్దాయన ఛాతీ కాస్త విప్పారింది. మేనేజరు కొత్తవాడు, ఈ ఘట్టం ఇంకా వినలేదు.

"ఇది కథలా ఉంది," అన్నాడు ఎలక్ట్రీషియన్. "ఇది తీరిగ్గా చదువుకుంటాను గురువుగారూ. ముందు పని కానివ్వండి." అని పుస్తకం బోర్లా పెట్టి, ఎంటరు బొత్తం మీదికి వేలు తెచ్చాడు.

ముందు పెద్దాయనకి ఒళ్ళు మండింది. వరదని కథ అంటాడా. మూడు పేజీలు, ఒక్కో మాటా ఏరి కూర్చిన మూడు పేజీలు. ఆ కోపంలోనే ఆ పేజీలు కళ్ళ ముందు తిరిగాయి. తువ్వాళ్ళు, మెట్లు, పెద్ద డాక్టరు చెయ్యి, ఆ తర్వాత నలభై ఆరో పేజీ అడుగున, ఆఖరి పంక్తిలో: 'పై కమాండును ఇచ్చుటకు ముందు డిస్కు సంపూర్ణముగా ఖాళీ అయినదని నిర్ధారించుకొనవలెను. ఇందుకు కొన్ని గంటలు పట్టును.'

వేలు బొత్తాన్ని తాకింది.

"ఎంటరు కొట్టకు."

గది దద్దరిల్లింది. ఎలక్ట్రీషియన్ నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మేనేజరు గోడకి అతుక్కుపోయాడు. పెద్దాయన నాలుగంగల్లో స్క్రీను దగ్గరికి వచ్చి, టైపు చేసినదాన్ని ఒక్కో అక్షరం చెరిపేశాడు.

"చదవాలని తెలీదా నీకు? కింద రాసి ఉంది కదా, ఖాళీ అయిందో లేదో చూసుకొమ్మని. ఎవరెవరి పిల్లల బొమ్మలో ఉన్నాయి అందులో. అంత తొందరేమొచ్చింది?"

ఎలక్ట్రీషియన్ లేచి నిలబడ్డాడు. అతనికీ కోపం వచ్చింది, కానీ అతని కోపానికి గొంతు పెద్దది కాదు. "మీరు చెప్పిన వరసలోనే చేశాను గురువుగారూ. కమాండు ముందుంది. వరద తర్వాత ఉంది. జాగ్రత్త ఆ వరదకి అవతల ఉంది. వైరు పట్టుకున్నాక మెయిను ఆపమంటే నాబోటివాడు బతుకుతాడా?"

పెద్దాయన ఎవరి మీద అరవాలో తెలియక పుస్తకం తీసి నలభై మూడో పేజీ తెరిచాడు. కమాండు. తిప్పాడు. తను. తిప్పాడు. తను. తిప్పాడు. మళ్ళీ తనే. కమాండుకీ హెచ్చరికకీ మధ్య నలభై ఒక్క డిస్కులు మోస్తూ అడ్డంగా నిలబడ్డది తనే.

ఒక్క బొమ్మ పోలేదు అని ఇరవై రెండేళ్ళుగా చెప్పుకున్నాడు. అది నిజమే. పుస్తకాన్ని నమ్ముకుని ఇన్నాళ్ళూ ఎవరూ పని చెయ్యలేదు కనక నిజం.

అమ్మాయి గెలిచినట్టు మొహం పెట్టి ఉంటే ఆయన దులిపేసి ఉండేవాడు. ఆ పిల్ల నోటుబుక్కులోంచి ఒక కాగితం తీసి, మాట్లాడకుండా ఆయన చేతికిచ్చింది. ఒకవైపే. పది పంక్తులు. చూడగానే తలుపు లోపలివే అనిపించాయి. మాటలకి తోకలు తగిలించింది. మూడో పంక్తి ఎర్ర అక్షరాల్లో ఉంది: 'ఖాళీ అయ్యేదాకా ఆగండి. గంటలు పడుతుంది.' తుడిచే కమాండు దాని కింద ఉంది.

ఆయన దాన్ని తప్పు పట్టాలనే చదివాడు. దొరికితే బాగుండునని చదివాడు. నాలుగో పంక్తి దగ్గర దొరికింది.

"ఇదేమిటి? 'ట్రే లైటు పచ్చగా మారితే ఖాళీ అయినట్టు.' ఇది నా తలుపు మీద లేదు."

"లేదు బాబాయ్. కంపెనీ పుస్తకంలో చూసి నేనే కలిపాను. లైటైతే చూడ్డానికి సులువని."

"సులువా? అటు చూడు." ఏడో సర్వరు వైపు చెయ్యి చూపించాడు. ఐదో డిస్కు కూర్చున్న ట్రే మీది లైటు పచ్చగా వెలుగుతోంది. తరలింపు మొదలై పది నిమిషాలు కూడా కాలేదు. "ఖాళీ అయిందా అది? ఏడోదానికి లైట్లు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి. వరదలో తడిసింది. ఆ రోజు నుంచీ దాని లైట్లు అబద్ధమాడుతూనే ఉన్నాయి. నలభై ఐదో పేజీలో రాశాను. చదివితేగా."

అమ్మాయి లైటు వంక చూసింది. కాగితం వంక చూసింది.

"అది మూడు పేజీల మధ్యలో ఉంటే ఎలా కనపడుతుంది బాబాయ్," అంది మెల్లగా.

"కనపడదు," అన్నాడు ఆయన. ఆ మాట తిట్టులాగే వచ్చింది. ఎవరికి తగిలిందో ఆయన మొహం చూస్తే తెలుస్తోంది. జేబులోంచి పెన్ను లాగి, కాగితాన్ని సర్వరు మీద పెట్టి, నాలుగో పంక్తిని కాగితం చిరిగేలా కొట్టేశాడు. పైన రాశాడు: 'లైటును నమ్మకండి. స్క్రీనును అడగండి. ఏడో సర్వరు వరదలో తడిసింది.'

"మొదటి రెండు ముక్కలూ చాలవా?" అంది అమ్మాయి. "వరద సంగతి పనికి అక్కర్లేదు కదా."

"అక్కర్లేదా? పచ్చలైటు కళ్ళెదురుగా వెలుగుతుంటే, నమ్మొద్దని ఊరికే చెబితే ఎవడు వింటాడు? ఎందుకు నమ్మకూడదో తెలిస్తేనే మనిషి ఆగుతాడు. నువ్వు కొవ్వు కొయ్యి, ఎముక కొయ్యకు."

అమ్మాయి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. "ఉండనీండి," అంది. "పైపు అని రాస్తాను కానీ."

"వరద."

"సరే బాబాయ్. వరద."

మేనేజరు గొంతు సవరించుకుని, మరి పుస్తకం సంగతేమిటని అడగబోయాడు. పెద్దాయన చూసిన చూపుకి ఆ ప్రశ్నని మింగేసి, మీటింగు ఉందంటూ వెళ్ళిపోయాడు. అమ్మాయి కాగితాన్ని శుభ్రంగా మళ్ళీ అచ్చు తీసుకురావడానికి వెళ్ళింది. పెద్దాయన ర్యాకు తలుపు బార్లా తెరిచి, తడిగుడ్డతో లోపలి రేకు మీద దుమ్ము తుడిచాడు. వంకర అక్షరాలు తుడవలేదు, వాటి పక్కన కాగితానికి చోటు చేశాడు. అమ్మాయి తెచ్చాక నాలుగు మూలలా టేపు వేసి అంటించాడు. ప్రతి మూలకీ పిడికిలితో ఒక గుద్దు గుద్దాడు, అతుక్కోవడానికి అంత అవసరం లేకపోయినా.

ఎలక్ట్రీషియన్ మళ్ళీ కూర్చున్నాడు. కాగితం చూస్తూ స్క్రీనుని అడిగాడు. 'ఇంకా మూడు గంటలు' అంది స్క్రీను. పక్కన ఐదో ట్రే లైటు పచ్చగా, నిబ్బరంగా వెలుగుతోంది.

"ఎలాగూ మూడు గంటలు కూర్చోవాలి కదా గురువుగారూ," అన్నాడు అతను. "ఆ వరద సంగతేదో చెప్పండి."

"పుస్తకంలో ఉంది. చదువుకో," అన్నాడు పెద్దాయన కసిరినట్టుగా. కాస్సేపటికి కుర్చీ ఒకటి బరబరా ఈడ్చుకొచ్చి అతని పక్కనే వేసుకున్నాడు.

"పైకి చదువు," అన్నాడు.